అత్తయ్య పెళ్ళి కాగితం ఏ కౌంటీలో ఉంది?

అమెరికాలో జరిగిన పెళ్ళిళ్ళన్నీ ఒకేచోట నమోదయ్యే రిజిస్టరు లేదు. వాషింగ్టన్‌లో ఏ ఆఫీసుకు ఫోన్ చేసినా మీ పెళ్ళి కాగితం దొరకదు. ఇక్కడ పెళ్ళికి ముందు లైసెన్సు తీసుకోవాలి; మామూలుగా అది ఎవరిచ్చారో వాళ్ళ దగ్గరే రికార్డు ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అది కౌంటీ ఆఫీసు, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళలో కూడా ఈ సంగతి అవసరం పడేదాకా తెలియనివాళ్ళే ఎక్కువ. ఆ అవసరమేమో మనసు బాగున్న రోజుల్లో రాదు. మా అత్తయ్యకు మామయ్య పోయాక వచ్చింది.

మామయ్య దాదాపు నలభై ఏళ్ళు ఈ దేశంలో ఉద్యోగం చేసి, ప్రతి జీతంలోనూ సోషల్ సెక్యూరిటీకి, అంటే ఇక్కడి ప్రభుత్వ పెన్షను పథకానికి కట్టారు. అత్తయ్యకు అరవై దాటాయి. భర్త పోతే, అరవై దాటిన భార్యకు ఆయన ఖాతా మీద నెలనెలా వచ్చే డబ్బు, అంటే సర్వైవర్ బెనిఫిట్స్ అడిగే హక్కు ఉంది. అత్తయ్య బయట ఉద్యోగం చేసింది తక్కువ, కాబట్టి నెలనెలా ఇల్లు గడవడానికి ఆ డబ్బే ఆధారం. డెత్ సర్టిఫికెట్లు ఫ్యూనరల్ హోమ్ వాళ్ళే తెప్పించి ఇచ్చారు. పెళ్ళి అయినట్టు రుజువు మాత్రం ఇంట్లో లేదు. చాలా ఏళ్ళ కిందట బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు ఫైళ్ళ పెట్టె మొత్తం తడిసి ముద్దయిపోయింది. పెళ్ళి ఆల్బమ్ పైన బెడ్‌రూమ్ అల్మరాలో ఉండబట్టి అదొక్కటీ మిగిలింది. ఫోటోకాపీలు, నోటరీ చేయించిన కాపీలు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో చెల్లవు. అసలు కాగితమైనా ఉండాలి, లేకపోతే దాన్ని జారీ చేసిన ఆఫీసే ముద్ర వేసి ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ అయినా ఉండాలి.

నేనుండేది టెక్సస్‌లో, ప్లేనోలో. అత్తయ్య ఒహాయోలో, కొలంబస్‌లో. నా ఉద్యోగమే రోజంతా కాగితాలతో, క్లెయిములతో కాబట్టి ఈ పని నేను చూస్తానన్నాను. వాళ్ళబ్బాయి, అంటే మా బావ, దినకార్యాల పనుల్లో తలమునకలై ఉన్నాడు.

మా అందరికీ తెలిసింది ఇంతే: పెళ్ళి 1984 ఆగస్టులో, శ్రావణమాసంలో, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల రాష్ట్రాల తెలుగువాళ్ళకు పెళ్ళైనా, పుట్టువెంట్రుకలైనా ఆ గుడే. 1976లో వెలసిన ఆ కోవెల పెన్ హిల్స్‌లో, కొండ పక్కన ఉంటుంది. మామయ్య అప్పుడు వెస్ట్ వర్జీనియాలో, మోర్గన్‌టౌన్‌లో చదువుకుంటున్నారు. అత్తయ్య మా పెదనాన్న ఇంట్లో, అంటే వాళ్ళన్నయ్య దగ్గర ఉండేది. పెదనాన్న ఇల్లు మరీస్‌విల్‌లో.

పెన్ హిల్స్ ఉన్నది అలెగెనీ కౌంటీలో. గుడి అక్కడుంది కాబట్టి కాగితమూ అక్కడే ఉంటుందని ఇంటిల్లిపాదీ అన్నారు. అక్కడ వెతికితే లేదు. లేదనగానే అత్తయ్య గొంతు మారిపోయింది. "అంటే మాకు పెళ్ళి అవలేదంటారా వీళ్ళు?" అంది. నలభై ఏళ్ళు కాపురం చేసి, భర్తను సాగనంపిన మనిషి నోట ఆ మాట విన్నాక, ఈ పని చివరిదాకా వదలకూడదని నిశ్చయించుకున్నాను.

పెన్సిల్వేనియా పద్ధతి ఏమిటంటే, పెళ్ళి చేసుకోబోయే ఇద్దరూ ఆ రాష్ట్రంలో ఏ కౌంటీకైనా వెళ్ళి లైసెన్సు తీసుకోవచ్చు. దానితో రాష్ట్రంలో ఎక్కడైనా పెళ్ళి చేసుకోవచ్చు. దరఖాస్తు పెట్టాక మూడు రోజులు ఆగాలి. చేతికి వచ్చిన లైసెన్సు అరవై రోజులు చెల్లుతుంది. పెళ్ళి చేయించినవారు సర్టిఫికెట్ రెండు ప్రతుల మీద సంతకం చేసి, ఒకటి దంపతులకు ఇచ్చి, రెండోది పది రోజుల్లోగా లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకు తిరిగి పంపాలి. అంటే రికార్డు చేరేది పెళ్ళి జరిగిన కౌంటీకి కాదు, లైసెన్సు ఇచ్చిన కౌంటీకి. తాళి గుడిలో కట్టినా, కాగితం పుట్టిన చోటు వేరే కావచ్చు. రాష్ట్ర ఆరోగ్యశాఖ దగ్గర ఉంటుందేమో అనుకుంటారు. పెన్సిల్వేనియాలో వాళ్ళిచ్చేవి జనన మరణ పత్రాలు. పెళ్ళి రికార్డులు కౌంటీల దగ్గరే ఉంటాయి. అలాంటి కౌంటీలు 67. ఆఫీసు పేరు కూడా కొత్తవాళ్ళకు తోచేది కాదు: చాలా కౌంటీల్లో రిజిస్టర్ ఆఫ్ విల్స్, ఆర్ఫన్స్ కోర్ట్ క్లర్క్ అనే బోర్డు కింద పెళ్ళి లైసెన్సులు ఇస్తారు. వీలునామాలు, అనాథల కోర్టు అని రాసి ఉన్న తలుపు తడితే పెళ్ళి కాగితం దొరుకుతుందని ఎవరనుకుంటారు?

వెస్ట్ వర్జీనియా లైసెన్సు పెన్సిల్వేనియాలో చెల్లదు. ఏ రాష్ట్రంలో పెళ్ళో ఆ రాష్ట్రం లైసెన్సే కావాలి. అందుకని మోర్గన్‌టౌన్‌ను పక్కన పెట్టేశాను. ఇక మిగిలిన దారి అత్తయ్య జ్ఞాపకమే.

"లైసెన్సు ఎక్కడ తీసుకున్నారు అత్తయ్యా?"

"అన్నయ్య తీసుకెళ్ళాడే. కారులో కూర్చోబెట్టాడు, దిగమన్నచోట దిగాను, సంతకం పెట్టమన్నచోట పెట్టాను. నేనొచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు."

"ఊరి పేరేమైనా?"

"ఊరు గుర్తులేదు. అంతకు ముందు రక్తం తీశారు, అది గుర్తుంది. పెళ్ళికి రక్తపరీక్ష ఏమిట్రా అని అమ్మ ఉత్తరంలో భయపడింది."

అది నిజమే. ఆ రోజుల్లో పెన్సిల్వేనియాలో పెళ్ళి లైసెన్సుకు ముందు సిఫిలిస్ పరీక్ష తప్పనిసరి, తర్వాత ఎత్తేశారు. ఆ ఉత్తరం రాసిన మా నాయనమ్మకు తెనాలిలో ఈ సంగతి ఎవరు విడమరచి చెప్పి ఉంటారో!

పెదనాన్న ఉంటే ఒక్క ఫోన్‌తో తేలిపోయేది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బావను ఆల్బమ్ తీసి, పెళ్ళి ఫోటోలు కాకుండా ముందూ వెనకా ఉన్నవన్నీ ఫోన్‌లో తీసి పంపమన్నాను. అందులో ఒకటి దొరికింది. మామయ్య వెడల్పాటి టై, గోధుమరంగు కోటు. అత్తయ్య కనకాంబరం రంగు చీర, మీద ఎవరిదో మగవాళ్ళ స్వెటర్, చేతిలో మడిచిన కవరు. ఇద్దరి వెనక పెద్ద రాతి మెట్లు. ఫోటో తీసిన పెదనాన్నకు పైభాగం కూడా రావాలనిపించినట్టుంది, కెమెరా కాస్త ఎత్తారు. అందుకే ఇద్దరి కాళ్ళూ తెగిపోయి, పైన బంగారు రంగు గుమ్మటం మాత్రం స్పష్టంగా పడింది. మరీస్‌విల్ ఉన్నది వెస్ట్‌మోర్‌ల్యాండ్ కౌంటీలో. ఆ కౌంటీ ముఖ్యపట్టణం గ్రీన్స్‌బర్గ్. అక్కడి కోర్టుహౌస్‌కు బంగారు రంగు గుమ్మటం ఉంటుంది. పెదనాన్న తన కౌంటీ ఆఫీసుకే తీసుకెళ్ళారన్నమాట. పిట్స్‌బర్గ్ ట్రాఫిక్‌లోకి వెళ్ళేకంటే ఆయనకు అదే దగ్గర.

గ్రీన్స్‌బర్గ్‌కు ఫోన్ చేశాను. అక్కడి ఆవిడ ఓపికగా మాట్లాడింది. అయితే మొదట చెప్పిన పేరుతో ఏమీ రాలేదు. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తెలుగువాళ్ళ రికార్డులు దొరక్కపోవడానికి నాకు కనబడినంతలో పెద్ద కారణం ఇదే.

మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇక్కడి ఫారాల్లో చివర ఉన్న పదమే ఇంటిపేరు. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళ పాస్‌పోర్టులో పేరంతా ఒకే వరసలో ఉండేది. క్లర్కు దాన్ని చూసి చివరి పదాన్ని ఇంటిపేరు గడిలో రాసేసేవారు. చివర రావు ఉంటే ఇండెక్సులో రావు కింద, కుమార్ ఉంటే కుమార్ కింద, ప్రసాద్ ఉంటే ప్రసాద్ కింద చేరిపోతుంది. ఆ మనిషి తర్వాత సిటిజన్‌షిప్ తీసుకునేటప్పుడు ఇంటిపేరును సరైన గడిలోకి మార్చుకుని ఉంటారు. ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలిసిన పేరుతో వెతికితే 1984లో ఆ పేరుతో మనిషే ఉండడు. ఆడవాళ్ళ విషయంలో ఇంకో చిక్కు: లైసెన్సు మీద ఉండేది పుట్టింటి ఇంటిపేరు. సర్టిఫైడ్ కాపీ అడిగేటప్పుడు అలవాటుగా భర్త ఇంటిపేరుతో కలిపి చెప్తారు. ఇక స్పెల్లింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. లక్ష్మిని కొందరు 'కెఎస్‌హెచ్'తో రాస్తారు, కొందరు 'ఎక్స్'తో రాస్తారు. చౌదరికి ఎన్ని రకాలో, వెంకటకు చివర 'ఎ' ఉందో లేదో, 'శ'కు హెచ్ పెట్టారో లేదో.

కాబట్టి కౌంటీకి ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద ఇద్దరి పేర్లూ ఎన్ని రకాలుగా ఉండవచ్చో అన్నీ రాసుకోండి: ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, ఇనిషియల్‌తో, పూర్తిగా, పుట్టింటి పేరుతో. అప్పటి పాస్‌పోర్టు ఉంటే అందులో ఉన్నది ఉన్నట్టుగా చెప్పండి. పెళ్ళి తేదీ కచ్చితంగా తెలియకపోతే నెల, సంవత్సరం చెప్పి ముందూ వెనకా చూడమని అడగండి. దరఖాస్తు తేదీ పెళ్ళి కంటే కొన్ని రోజులో, వారాలో ముందుంటుంది. మామయ్య రికార్డు దొరికింది ఆయన సొంత పేరునే ఇంటిపేరుగా చెప్పి వెతికించినప్పుడు. ఆవిడ అక్షరం అక్షరం చదివి వినిపిస్తుంటే, మా తాతయ్య పేరు కూడా వచ్చింది. "అవును, అదే" అన్నాను. గొంతు పూడుకుపోయి ఇంకేమీ అనలేకపోయాను.

తర్వాత పని సులువే. ఇద్దరి పూర్తి పేర్లు, తేదీ, అడుగుతున్నవారికి వాళ్ళతో ఉన్న సంబంధం, ఎన్ని కాపీలు కావాలో రాసి, అత్తయ్య సంతకంతో ఉత్తరం. దానికి ఫీజు మనీ ఆర్డరు, అంటించిన స్టాంపుతో తిరుగు కవరు. ఫీజు కౌంటీని బట్టి మారుతుంది, ఫోన్‌లోనే కనుక్కోవాలి. ఐడీ జిరాక్సు కావాలా, చెక్కు తీసుకుంటారా అన్నది కూడా ఒకే ఫోన్‌లో అడిగేయండి.

ఒక విషయం అడగడం మరిచిపోవద్దు. మామూలుగా పంపేది పెళ్ళి జరిగిందని చెప్పే సర్టిఫికెట్ కాపీ. లైసెన్సు కోసం పెట్టిన దరఖాస్తు వేరే కాగితం. బెనిఫిట్స్‌కు మొదటిది చాలు. ఇంటి చరిత్ర మాత్రం రెండోదానిలో ఉంది. అదనపు ఫీజు కట్టి అదీ తెప్పించాను. అందులో ఇద్దరూ ఎక్కడ పుట్టారు, ఏం పని చేస్తారు, తల్లిదండ్రుల పేర్లేమిటి, తల్లి పుట్టింటి ఇంటిపేరేమిటి అన్నీ ఉన్నాయి. ఇద్దరి మధ్య రక్తసంబంధం ఉందా అన్న ప్రశ్న ఉంది. మనకు మేనరికాలు మామూలు కాబట్టి ఇది చెప్పాలి: పెన్సిల్వేనియా, ఒహాయో, 2005 నుంచి టెక్సస్ కూడా మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్ళిని ఒప్పుకోవు. అత్తయ్య వాళ్ళది బయటి సంబంధమే, లేదు అని రాశారు. కింద మామయ్య సంతకం ఇంగ్లీషులో, వంకర్లు తిప్పి. దాని పక్కన అత్తయ్య సంతకం తెలుగులో, గుండ్రంగా, పొల్లు తప్పకుండా. గ్రీన్స్‌బర్గ్ కోర్టుహౌస్ ఫైలులో నలభై ఏళ్ళుగా ఆ తెలుగు అక్షరాలు భద్రంగా ఉన్నాయి. మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు నాకు సరిగ్గా తెలిసింది కూడా ఆ దరఖాస్తులోనే. మా నాన్నకు ఫోన్‌లో చదివి వినిపిస్తే, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పుందని ఆయన వెంటనే పట్టుకున్నారు.

ఇలాంటి పుస్తకాల విలువ మన ఒక్క ఇంటితో ఆగదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయకు వ్యవసాయానికి వచ్చిన పంజాబీలు చాలామంది అక్కడి మెక్సికన్ ఆడపిల్లల్ని పెళ్ళి చేసుకున్నారు. తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళను పెళ్ళాడకూడదన్న చట్టం అప్పుడు కాలిఫోర్నియాలో ఉండేది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 1948లో. అందాకా లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది కౌంటీ క్లర్కు ఎదురుగా నిలబడ్డ ఇద్దరి ఒంటి రంగును ఎలా చూశాడన్న దాని మీద కూడా ఆధారపడింది. ఆ కుటుంబాల చరిత్రను పరిశోధకులు రాయగలిగారంటే అందులో కౌంటీ పెళ్ళి రికార్డుల పాత్ర పెద్దది. పాత కౌంటీ పుస్తకాలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. మన తెలుగువాళ్ళు పెద్దసంఖ్యలో వచ్చింది 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత కాబట్టి మన రికార్డులకు మాత్రం కౌంటీనే అడగాలి.

నేను ఈ పనిలో ఉన్నానని తెలిసి స్నేహితులు తమ సంగతులు అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ కోసం తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊళ్ళ దగ్గర మొదట వచ్చే ప్రశ్న ఫ్రిస్కో గురించే. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఇల్లు ఎటువైపుంటే రికార్డు అటే ఉంటుందని చెప్పడానికి లేదు. టెక్సస్‌లో ఏ కౌంటీ క్లర్కు దగ్గరైనా లైసెన్సు తీసుకోవచ్చు. తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, తొంభై రోజుల్లోగా పెళ్ళి జరగాలి, పురోహితుడు సంతకం చేసిన లైసెన్సు ముప్పై రోజుల్లోగా తిరిగి క్లర్కుకు చేరాలి. కాలిన్ అయితే మెకినీకి రాయాలి, డెంటన్ అయితే డెంటన్‌కు. టెక్సస్ రాష్ట్ర కార్యాలయం ఇచ్చేది 1966 నుంచి ఉన్న పెళ్ళిళ్ళకు వెరిఫికేషన్ ఉత్తరం, అంటే పెళ్ళి నమోదైందని చెప్పే ఉత్తరం మాత్రమే. సర్టిఫైడ్ కాపీ కౌంటీ క్లర్కు దగ్గరే. ఏ కౌంటీనో తెలియనివాళ్ళకు ఆ వెరిఫికేషన్ ఉత్తరమే దారి చూపిస్తుంది.

న్యూజెర్సీలో కౌంటీతో పనిలేదు. ఎడిసన్‌లో పెళ్ళైతే ఎడిసన్ రిజిస్ట్రార్‌నే అడగాలి, లేకపోతే రాష్ట్ర కార్యాలయాన్ని. న్యూయార్క్ రాష్ట్రంలో టౌన్ క్లర్కో, సిటీ క్లర్కో. జార్జియాలో కౌంటీ ప్రొబేట్ కోర్టు, వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు క్లర్కు, నార్త్ కరోలినాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్. కాలిఫోర్నియాలో రెండు రకాల లైసెన్సులున్నాయి. కాన్ఫిడెన్షియల్ లైసెన్సుతో చేసుకుంటే కాపీ ఆ ఇద్దరికి తప్ప మామూలుగా ఎవరికీ ఇవ్వరు. పబ్లిక్ లైసెన్సు అయితే ఎవరడిగినా ఇస్తారు గానీ, సంబంధం లేనివాళ్ళకిచ్చే కాపీ మీద గుర్తింపు రుజువుగా పనికిరాదని ముద్ర ఉంటుంది. తల్లిదండ్రుల కోసం పిల్లలు తెప్పించేటప్పుడు ఆథరైజ్డ్ కాపీ అని స్పష్టంగా అడగాలి, ప్రమాణపత్రం జతచేయాలి. మీ రాష్ట్రం సంగతి తెలియకపోతే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ఎవరిని అడగాలో ఒక పేజీ ఉంది. నేను మొదట చూసేది అదే.

వెతికేటప్పుడు పైన కనబడే సైట్లు చాలావరకు ప్రభుత్వానివి కావు. జెండా బొమ్మ, గద్ద బొమ్మ పెట్టుకుని, కౌంటీ పేరు వేసుకుని, క్రెడిట్ కార్డు అడుగుతాయి. కొన్ని నెలనెలా డబ్బు లాగుతాయి. చివరికి మీ చేతికొచ్చేది ఇండెక్సులో ఉన్న ఒక వరస; ముద్ర ఉన్న కాగితం కాదు. దుఃఖంలో ఉన్న పెద్దవాళ్ళు వీటి బారిన పడుతున్నారు, అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. వెబ్ చిరునామా చివర .gov ఉందేమో చూడండి, కౌంటీ పేజీ నుంచే ముందుకు వెళ్ళండి. అనుమానముంటే ఫోన్ చేసి మనిషితో మాట్లాడండి.

ఎంత గింజుకున్నా కౌంటీ తెలియని సందర్భంలో ఇంకో దారి ఉంది. భర్త ద్వారానో భార్య ద్వారానో గ్రీన్ కార్డు వచ్చి ఉంటే, ఆ ఫైల్లో పెళ్ళి సర్టిఫికెట్ నకలు పెట్టే ఉంటారు. సమాచార హక్కు చట్టం కింద ఇమిగ్రేషన్ వాళ్ళ నుంచి ఆ ఫైలు తెప్పించుకోవచ్చు. ఆ నకలు నేరుగా పనికిరాదు, కానీ దాని మీద కౌంటీ పేరు ఉంటుంది. ఫోటోలో గుమ్మటం కనబడకపోయి ఉంటే నేను ఆ దారే పట్టేదాన్ని.

ఇండియాలో పెళ్ళైనవాళ్ళకు ఇదంతా వర్తించదు. మా పెళ్ళి తెనాలిలో, రిజిస్ట్రేషన్ కూడా అక్కడే, కాబట్టి నాకు టెక్సస్‌లో ఏ కౌంటీలోనూ రికార్డు లేదు. ఈ మధ్య వీసా తొందర వల్ల ముందు కౌంటీలో పెళ్ళి చేసుకుని, ఆర్నెల్ల తర్వాత ఊళ్ళో పందిరి వేసి ఘనంగా చేస్తున్నారు. అలాంటివాళ్ళు చట్టపరంగా మొదటిదైన కౌంటీ తేదీనే అన్ని ఫారాల్లోనూ రాయడం మంచిది. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి రాస్తే తర్వాత జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఓసీఐ కార్డు (భారత సంతతివాళ్ళకు, వాళ్ళ జీవిత భాగస్వాములకు ఇండియా ఇచ్చే కార్డు) భార్యగానో భర్తగానో అడిగేవాళ్ళకైతే, రిజిస్టరైన పెళ్ళి దరఖాస్తు నాటికి వరసగా రెండేళ్ళు నిలిచి ఉండాలన్న నియమం ఉంది. ఆ లెక్కకు తేదీ ముఖ్యం.

అత్తయ్యకు మూడు కాపీలు తెప్పించాం. మామూలు కాగితమే, పక్కన వేలితో తడిమితే తగిలేలా ఒత్తిన ముద్ర. ఒకటి సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో చూపించి వెనక్కి తెచ్చుకుంది, బెనిఫిట్స్ మంజూరయ్యాయి. రెండోది విజయవాడలో మామయ్య పేరు మీదున్న ఫ్లాటు కోసం. దానికి అపోస్టిల్, అంటే ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ వేయించాలి. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది కాబట్టి అపోస్టిల్ ఉన్న కాగితానికి మళ్ళీ కాన్సులేట్ ముద్ర అక్కర్లేదు. అపోస్టిల్ వేసేది కాగితం పుట్టిన రాష్ట్రమే. అత్తయ్య కొలంబస్‌లో ఉన్నా, పంపాల్సింది పెన్సిల్వేనియా రాజధాని హ్యారిస్‌బర్గ్‌కు. మూడోది బ్యాంకు లాకర్‌లో పెట్టింది.

బావ కూతురి పెళ్ళి ఈ అక్టోబరులో, అట్లాంటా దగ్గర. పిల్లలిద్దరూ కమ్మింగ్ వెళ్ళి ఫోర్సైత్ కౌంటీ ప్రొబేట్ కోర్టులో లైసెన్సు తీసుకుంటామన్నారు. పంతులుగారు సంతకం చేశాక ఆ కాగితాన్ని కోర్టుకు చేర్చే బాధ్యత ఎవరిదో ముందే ఆయనతో మాట్లాడుకోమన్నాను. పెళ్ళి హడావుడిలో అది పూలబుట్టల మధ్య ఉండిపోకూడదు. రికార్డయిందో లేదో రెండు వారాల తర్వాత వాళ్ళే ఫోన్ చేసి కనుక్కోవాలి, అయిందనగానే మూడు కాపీలు ఆర్డరివ్వాలి. అత్తయ్య ఇంకో మాట చేర్చింది: లైసెన్సు మీద పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో, కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే అక్షరం అక్షరం చూసుకోమంది.